మెడ దగ్గర రెండు రేకులు

ప్రియమైన బావకి,

పేలుడు మందు దగ్గర పని కాబట్టి సొరంగం క్యాంపులో ఫోన్లు ఉంచనివ్వరని అక్క చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. నాకు ఉత్తరాలు రాయడం రాదు, సూటిగా చెప్పేస్తాను.

ఐదేళ్ళుగా షెడ్డులో తుప్పు పడుతున్న నీ బండి నేను తీసుకున్నాను. అడగలేదు. అడిగితే ఇవ్వవని తెలుసు.

వచ్చే నెల ఆఖరి ఆదివారం కొండ దారి మీద పందెం. ఒక్కో బండినీ విడిగా కింది నుంచి పైకి వదిలి, గడియారం చూస్తారు. బండి మాత్రం ఎవరికి వాళ్ళు కట్టుకున్నదై ఉండాలి. పెద్ద ఇంజను నా దగ్గర లేదు. ఉన్న ఇంజను మీద భారం తగ్గించడమే నా దారి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది నూట ముప్పై రెండు కిలోలు. తొంభై ఐదుకి దించుతాను. మడ్గార్డులు, గొలుసు డబ్బా, జంట సీటు, పెద్ద స్టాండు అన్నీ ఊడదీశాను. ఊడిన ప్రతి ముక్కా తక్కెడలో వేసి గోడ మీద రాస్తున్నాను.

ఎందుకీ పిచ్చి అంటావేమో. నేను బిగించిన బ్రేకు తీగ తెగి నువ్వూ అక్కా పడ్డారు కదా, ఆ రోజు నుంచి మెకానిక్ షాపు మేస్త్రి నాతో బళ్ళు కడిగించడం తప్ప ఇంకో పని చేయించలేదు. షాపులో నా పేరు 'తెగిన తీగ'. "ఒరే తెగిన తీగా, బకెట్టు తే" అంటారు. పుస్తకాలు చూసి, పాడైన ఇంజన్లు విప్పి ఒక్కణ్ణే నేర్చుకున్నాను. ఆ కొండెక్కి వాళ్ళందరి నోళ్ళూ మూయిస్తాను.

నీ మీద కోపం లేదు. తప్పు నాదే. అందుకే ఇంత కసి.

నీ బామ్మర్ది

*

ఒరే బామ్మర్దీ, బంగారు దొంగా,

బండి ఎత్తుకుపోయి ఉత్తరంలో దర్జాగా ఒప్పుకునే దొంగని నిన్నే చూశాను. సరే, తీసుకో. నేనైతే దాన్ని మళ్ళీ ముట్టుకోను.

కోసేవి కోసుకో, విప్పేవి విప్పుకో. మెడ జోలికి మాత్రం పోవద్దు. హ్యాండిల్ తిరిగే చోట, ముందు గొట్టానికి అటూ ఇటూ రెండు రేకులు అతికించి ఉంటాయి. వాటిని అలాగే ఉండనీ. ఎందుకని అడగొద్దు. పెద్దవాడు చెప్పాడు, చిన్నవాడు విన్నాడు, అంతే.

ఇంతకీ నడిపేదెవరు? నువ్వే అయితే నవ్వుతారురా. బండి చేత ఉపవాసం చేయించి, డెబ్భై ఎనిమిది కిలోల శాల్తీవి నువ్వెక్కి కూర్చుంటావా? ఎవడైనా బక్కవాణ్ణి చూసుకో. అసలు ఈ పందెం మానేసినా నేనేమీ అనుకోను.

ఇక్కడ రోజుకి రెండు గజాలు తవ్వుతున్నాం. మీ అక్క వారంగా ఉత్తరం రాయలేదు. జ్వరమేమైనా వచ్చిందా? అడిగి చెప్పు.

మీ బావ

*

బావా,

ఐదేళ్ళుగా ఈ ముక్కే వింటున్నాను. 'అది ముట్టుకోకు, ఎందుకని అడక్కు.' మేస్త్రి అన్నాడు, షాపంతా అన్నది, ఇప్పుడు నువ్వూనా? కారణం చెబితే వింటాను. కారణం చెప్పకుండా పెద్దరికం చూపిస్తే నా చెవికి ఎక్కదు.

రేకులు కోసేశాను. రెండూ కలిపి ఆరువందల నలభై గ్రాములు. బస్తాలు మోయడానికి అతికించుకున్నట్టున్నావు. ఎవడు చేశాడో గానీ ఆ వెల్డింగు కోడి గీకినట్టుంది. గ్రైండరుతో చెక్కి, ఆకురాయితో నున్నగా చేసి రంగేశాను. చేత్తో తడిమితే అక్కడ రేకులున్నాయని నువ్వే కనుక్కోలేవు. నిన్న తూచాను: తొంభై నాలుగున్నర!

నడిపేదెవరంటావా? మీ ఆవిడ.

నీకు చెప్పొద్దంది. చెప్పేస్తున్నాను. నేను కట్టిన బండి ఎక్కమని నలుగుర్ని అడిగాను. ఒకడు నవ్వాడు, ఒకడు మా ఆవిడ ఒప్పుకోదన్నాడు, మిగతా ఇద్దరూ మాట మార్చారు. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పడ్డదాన్ని నేను. భయముంటే నాకుండాలి గానీ ఊరందరికీ ఎందుకురా?" అంది. నలభై తొమ్మిది కిలోలు. ఆ రోజు విరిగిన భుజం ఎముక వానాకాలంలో ఇప్పటికీ లాగుతుంది. అయినా పది రోజుల నుంచి రోజూ కొండ మీదే ఉంది. అందుకే నీకు ఉత్తరాల్లేవు. జ్వరం కాదు, పందెం.

మొదటి రోజు దిగి ఏమందో తెలుసా? "ఇంత బాగా పనిచేసే నీ చేతుల్ని చూసి ఐదేళ్ళు ఊరికే భయపడ్డానురా" అంది. ఆ మాటకి కళ్ళు తుడుచుకోవడానికి నేను బండి వెనక్కి వెళ్ళాను.

నీ బామ్మర్ది

*

ఒరే,

ఈ ఉత్తరం సిమెంటు లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. పోస్టుని నమ్ముకుంటే ఆదివారం దాటిపోతుంది. నాకు సెలవు ఇవ్వలేదు. చదువుతూనే పరుగెత్తు. మీ అక్కని బండి దింపు. తర్వాత మిగతాది చదువు.

నువ్వు బిగించిన తీగ తెగలేదు.

ఆ ప్రమాదానికి నెల ముందు స్నేహితులతో పందెం కాసి కాలవ గట్టు మీంచి బండిని దూకించాను. అప్పుడు మెడ దగ్గర గొట్టం చీలింది. వెంట్రుక మందాన గీత. చూశాను. పైన రంగు పూసి ఊరుకున్నాను. అదే బండి మీద మీ అక్కని ఎక్కించుకున్నాను. దిగుడులో మెడ నోరు తెరిచింది, పడ్డాం. ఆమె ఆసుపత్రిలో ఉండగా, ఎవరూ చూడకముందే బండి దగ్గరికి వెళ్ళి, కటింగ్ ప్లయరుతో నీ బ్రేకు తీగ నేనే తెంపాను. మీ అక్కకి నేనేం చేశానో చెప్పే ధైర్యం లేకపోయింది. తప్పు నెట్టడానికి పదహారేళ్ళవాడివి నువ్వు కనిపించావు.

ఆ కోడి గీకిన వెల్డింగు నాదే. ఎవరి కంటా పడకుండా చీలిక మూసి, దాని మీద రేకులు అతికించాను. ఇన్నాళ్ళూ మెడని పట్టుకుని ఉన్నది ఆ రేకులే. బండి అమ్మితే ఇంకొకడు చస్తాడు, పారేస్తే మీ అక్క ఎందుకని అడుగుతుంది. అందుకే షెడ్డులో పడేశాను.

గ్రైండరు పడితే ఇనుము పూసుకుపోయి చీలిక కంటికి కనబడదు. రంగు గీకి, కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి అద్దు. చీలికలో ఇంకిన కిరసనాయిలు వల్ల కాసేపటికి గీత అదే బయటికొస్తుంది.

నన్ను తర్వాత తిట్టు. ముందు పరుగెత్తు.

బావ

*

బావకి,

ప్రియమైన అని రాయలేదు. చెయ్యి రాలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి లారీ వచ్చింది. అక్క అప్పటికే కొండ మీద ఉంది. మొదటి పేరా చదివి, షాపులో తాళంచెవి వేలాడుతున్న బండి ఏది కనబడితే అది ఎక్కాను. వెనక మేస్త్రి కేకలు. మూడో మలుపులో అక్క ఎదురుగా దిగుతోంది. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. అప్పటికి నాకు తోచింది ఒక్కటే: నువ్వు వద్దన్నా రేకులు కోసింది మెడ దగ్గర, గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ఆ మెడ మీదే పడుతుంది. పక్కకి దూకి, మెల్లగా ఆపమని రెండు చేతులూ ఊపాను. నన్ను దాటి చాలా దూరం పోయి ఆగింది. "చావాలనుందా గాడిదా!" అని అరిచింది.

బండిని నడిపించుకుంటూ షాపుకి తెచ్చాం. నువ్వు చెప్పినట్టే చేశాను. తెల్ల సుద్ద మీద నల్ల గీత నిదానంగా పాకింది. గొట్టం చుట్టూ ముప్పావు వంతు. రేకులు కోశాక, మిగిలిన పావు ఇనుము మీద మా అక్క కొండ పదకొండు సార్లు ఎక్కి దిగింది.

ఉత్తరం ఆమె లాక్కుంది. ఒకసారి లోలోపల చదివింది. తర్వాత ఇంజన్లన్నీ ఆపమని చెప్పి, షాపు మధ్య నిలబడి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది. 'పదహారేళ్ళవాడివి నువ్వు కనిపించావు' అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివింది. మేస్త్రి నా మొహం చూడలేదు. శనివారం ఒక బండి తోసుకొచ్చి నా ముందు నిలబెట్టి, "బ్రేకు చూడు" అని వెళ్ళిపోయాడు. ఆయన క్షమాపణ అంతే. నువ్వు దానికంటే ఎక్కువ చెప్పుకోవాలి.

ఆదివారం పందెం మేం రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని చూశాం. గెలిచిన బండి నూట పది కిలోలు. పళ్ళు నూరుకున్నాను.

నిన్ను తిట్టడానికి మూడు కాయితాలు రాసి చింపేశాను. ఒక పాపం నాదీ ఉంది. ఒక రేకు అక్కడెందుకుందో తెలుసుకోకుండా కోసేవాడు పనివాడు కాదు. నువ్వు చెప్పలేదు, నేను వెతకలేదు. తక్కెడ చూశానే గానీ గొట్టం చూడలేదు. మన ఇద్దరి మధ్యా చచ్చేది అక్క.

పాత మెడ కోసి పారేశాను. కొత్త గొట్టం తెచ్చాను. మెడని తిన్నగా పట్టుకోవడానికి ఒకడు, వెల్డింగుకి ఒకడు కావాలి. షాపులో అయిదుగురు ముందుకొచ్చారు, బకెట్టు తెమ్మన్నవాళ్ళతో సహా. వద్దన్నాను. అక్క నిన్న కంచం కడుగుతూ అంది: "ఆయన వచ్చి పట్టుకోవాలి. పట్టుకుంటే అప్పుడు ఇంట్లోకి రానిస్తానో లేదో ఆలోచిస్తాను."

బస్సు దిగి నేరుగా షాపుకి రా. తిన్నగా పట్టుకోవాలి, చెయ్యి వణికితే మెడ వంకర పోతుంది.

నీ బామ్మర్ది