ఈశాన్యం మూల రాట

4-6, బుధవారం

పొద్దున కసువు ఊడుస్తాంటే కనపడింది. పందిరి ఈశాన్యం మూల గుంజకు, మొదట్లో సన్న మట్టి గీత. వేలు లావు. గుంజను పట్టుకోని పైకి పోతాండాది. గోటితో గీకితే లోపల తెల్లగా కదిలినాయి. చెదలు.

నా మొగునికి చెప్పలేదు. ఆ గుంజ పక్కనే ఆయప్ప మంచం. పక్షవాతం వచ్చిన కాడినుంచి, మూడేండ్లుగా, పగలంతా ఆ పందిరి కిందనే. లోపల రేకుల ఇల్లు, పెనం మాదిరి కాలుతాది.

చీపురుతో గీత తుడిచేసినా. పక్కింటి ఈరమ్మ చూడలేదు. అది చాలు.

5-6

గీత మళ్లా ఉండాది. నిన్నటికన్నా పొడుగు.

6-6

ఈరమ్మ చూసింది. దానివి కండ్లు కావు, కత్తెర్లు. మరిది పెండ్లాం అయినంత మాత్రాన పొద్దు పొద్దున్నే నా పందిరి కింద ఏం పని? కరేపాకు కోసమంట.

"అక్కా, నీ గుంజకు చెదలు పట్టినట్లుండాదే." నవ్వలేదేమో. నాకు నవ్వినట్లే ఉండింది.

"బండల పనోని ఇంట్లో కట్టె గుంజలేందక్కా అని పందిరి వేసిన పొద్దే చెప్తిని. రాతి కూసాలు పాతుకోనుంటే..."

చెప్పింది, నిజమే. ముప్పై ఏండ్లు బండల ఫ్యాక్టరీలో దుమ్ము మింగినాడు ఆ మనిషి. పడిపోయినాంక కూడా తల కాడ బండే నిలబెట్టాల్నా? ఆ మాట దానికెందుకు చెప్తా. "నీ ఇల్లు నువ్వు చూసుకోపో" అన్నా. కరేపాకు తీసుకోకుండానే పోయింది. పోనీ.

8-6, ఆదివారం

చెంచా కాడతో గుంజ మొదట్లో పొడిచినా. సగం దిగింది. మిగతా మూడు గుంజలూ పొడిచినా. చెంచా వంగింది గానీ దిగలేదు.

నాలుగూ ఒక్క తుమ్మ చెట్టువే. కట్టెల అడితిలో నా కండ్ల ముందరే కోసినారు. మరి ఇది ఒక్కటే ఎట్ల పుచ్చుతాది? వడ్రంగి ఖాసీం మోసం చేసినాడు. చేవ లేని కొన కట్టె నాకు అంటగట్టినాడు. ఆడమనిషికి కట్టె ఏం తెలుస్తాదిలే అనుకున్యాడు.

పైన బీర తీగ, దొండ తీగ పందిరి కనపడకుండా అల్లుకున్యాయి. వాన పడితే తడిసి బరువెక్కుతాయి. గాలి కూడా వస్తే... రాయకూడదు. రాసినా.

9-6

ఖాసీంకు ఫోను చేసి తిట్టినా. అంతా విన్యాడు. "రేపొస్తా పెద్దమ్మా" అన్నాడు. కోపం కూడా రాలేదు వానికి. తప్పు చేసినోనికి కోపం యాడనుంచి వస్తాది.

10-6

వచ్చినాడు. కుర్చీ వేయలేదు, టీ ఇయ్యలేదు.

ఉలితో నడుము ఎత్తు కాడ చిన్న పెచ్చు లేపి చూపిచ్చినాడు. లోపల ఎర్రగా, ఇనుము మాదిరి. "ఇది చేవ గాక ఏంది పెద్దమ్మా? పైన బాగుండాది. నేల కాడనే తినేసినాయి. ఆ మూడింటికి చేసింది దీనికి చేయనిచ్చినావా నువ్వు? మర్చిపోతివా?"

మర్చిపోలా.

ఆ మూడింటికి బెరడు చెక్కి, మూడు నెల్లు నీడన ఆరబెట్టి, నేలలోకి దిగే భాగం మంట మీంద నల్లగా కాల్చినాడు. నేల మీంద జానెడు దాకా తారు పూసినాడు. నాలుగోది కూడా మంటలో పెట్టబోతే నేనే గుంజుకుంటిని. అది రాట. ఆయప్ప లేచి నడవాలని మొక్కుకోని, మహానంది కోనేటి నీళ్లు చల్లి, అన్నిటికన్నా ముందు పాతిన రాట. దాని మొదలు కాలిస్తే అది కొరివి గాక ఏమైతాది? మంచం మీంద మనిషి ఉండంగా వాకిట్లో కొరివి పాతుకుంటారా ఎవురన్నా?

తారు కూడా వద్దంటిని. పసుపు పూసినా. గుంతలో నవధాన్యాలు పోసినా, బెల్లం ముక్క వేసినా, చెంబెడు పాలు...

"చెదలకు విందు పెట్టినావు పెద్దమ్మా." మెల్లగానే అన్నాడు. గోడవతల ఈరమ్మ దగ్గింది. వినింది.

"మా శాస్త్రం నీకేం తెలుసు" అన్నా. అనకూడని మాట. నోట్లోంచి వచ్చేసింది.

ఉలి సంచిలో వేసుకోని, "నాకు కట్టె తెలుసు పెద్దమ్మా" అన్నాడు. పోతా పోతా ఇది కూడా చెప్పినాడు - రాట పీకాల. చెడిన కాడికి కోసేసి, నేలలో రాతి తుండు పాతి, దాని మీంద కట్టెను నిలబెట్టి ఇనప పట్టీతో బిగిస్తా. కట్టె మట్టిని తాకకూడదు. ఒక్క పూట పని. అంతదాకా మంచం ఈడ ఉంచొద్దు.

11-6, పున్నమి

పీకాలంట.

పెండ్లి పందిరి రాటనే పదహారు దినాల దాకా కదపరు. ఇది మొక్కు రాట. మొక్కు తీరలేదు, ఆయప్ప నడవలేదు. తీరని మొక్కును వేర్లతో పీకినట్లు కాదా?

పీకకపోతే ఆయప్ప మీందనే పడుతాది.

ఏది చేసినా చేసింది నేనే అయితా.

12-6

మెకానిక్ షాపులో కాలిన ఆయిలు అడిగి సీసా నిండా తెచ్చినా. గుంజ మొదట్లో పోసినా. "ఏం పోస్తాండావే" అన్నాడు ఆయప్ప. చీమల మందు అన్నా. "అంత పెద్ద చీమలా" అన్నాడు. నవ్వు వచ్చింది, కానీ నవ్వలా.

మంచం జరుపుతా అంటే ఒప్పుకోడు. ఈడనుంచి అయితే వీధి కనపడుతాదంట. ఆటోలు కనపడుతాయంట.

13-6

చెదలు ఆయిలు చుట్టి వచ్చినాయి. ఇంకో పక్క నుంచి గీత.

14-6

ఈరమ్మ ఆయప్పకు చెప్పేసింది. నేను అంగడికి పోయిన సందు చూసుకోని. "బావా, మంచం అట్ల జరిపిచ్చుకో, అక్క చెప్పదు గానీ" అన్నిందంట. అక్క చెప్పదు గానీ. ఆ నోట్లో...

ఆయప్ప నన్ను పిలిచినాడు. మాట నిదానం. "పీకిచ్చు."

"మొక్కు ఉండాది."

"మూడేండ్లాయె. నడిచినానా?"

"నడుస్తావు."

"చెదలు దాన్ని పట్టినాయి, నన్నింకా పట్టలేదు. దాని జాగాలో నన్ను పాతుకో. ఇంకా గట్టిగానే ఉండా."

ఆ మాటకు ఒళ్లంతా మండింది. సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి వచ్చేసినా. తినలేదు. నేనూ తినలేదు. ఇద్దరిలో ఎవురు ముందు తింటారో చూస్తామన్నట్లు ఉండాది ఇల్లు.

15-6

ఈరమ్మతో ఇంక మాటల్లేవు. చచ్చినా లేవు.

16-6, సోమవారం

మధ్యాన్నం. పడమట నల్లగా కమ్ముకుంది. ఖాసీంకు నేనే ఫోను చేసినా. పీకప్పా, అన్నా. బనగానపల్లె కాడ మామిడి తోటలో పని మీంద ఉండాడంట. "సాయంత్రానికి వస్తా. పెద్దాయన్ను ముందు లోపలికి తీసుకపో."

ఆయప్ప రానంటాడు. "వాన చూస్తా" అంటాడు. మంచం పట్టి లాగినా. కోడు జరగలేదు. నా ఒక్కదాని బలం చాలదు. ఇంకో చెయ్యి ఉంటే మంచంతోనే లోపలికి తీసుకపోవచ్చు. గోడవతల ఈరమ్మ గిన్నెలు తోముతాండాది. పిలవాల. ఒక్క మాట. ఈరమ్మా అంటే చాలు. నోరు పెగలడంలేదు.

ఆ రాటకే నా వీపు ఆన్చి కూచున్యా. ఒళ్లో పుస్తకం పెట్టుకోని రాస్తాండా, చేతికి ఏదో ఒక పని ఉండాలని. గాలి లేసింది. బీర పూలు మంచం మీంద రాలుతాండాయి. ఆయప్ప మొగం మీంద ఒకటి పడింది, తీయలేదు.

వీపు కాడ కదిలినట్లుండాది. గుంజో, నేనో.

గోడవతల గిన్నెల చప్పుడు ఆగింది.