టఫ్నెల్ అమ్మ పేరు తేలేదాకా

లండను, గాండర్ సందు నుంచి
మా పేట మేజిస్ట్రేటు గారి సముఖానికి

విషయం: సదరు సందులో వ్యభిచార గృహం నడుపుతున్న మార్జరీ టఫ్నెల్ మీది కేసును ఆమె లాయరు వాయిదాలతో నానబెట్టడం, నా చెల్లెలు నెస్టా ప్రాణం ఉండగానే ఆమె సాక్ష్యం రాసుకోవాలని కోరడం గురించి.

అయ్యా,

నా పేరు ఇవాన్ ప్రోసర్. వేల్సు నుంచి వచ్చి ఈ పేటలో అద్దె పల్లకీ మోస్తున్నాను. బడికి పోలేదు, దుకాణాల బోర్డులు చూసి చదువు నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే దిద్దుకోండి గానీ కేసు కొట్టేయకండి. మీ కోర్టులో ఒక్క మాట తప్పు పడితే నేరమే మాసిపోతుందని ఈ ఏడాదే తెలిసింది.

1. పని వెతుక్కుంటూ ఊరి నుంచి వచ్చి బండి దిగిన నా చెల్లెల్ని సదరు టఫ్నెల్ "ఇంటిపని ఉంది, రా తల్లీ" అని తీసుకుపోయినది. అది ఏ ఇల్లో, ఏం పనో తమకు తెలియనిది కాదు. వంటింటి దొడ్డిదారిన పారిపోయి వచ్చేసరికి నెస్టా సగం మనిషి అయింది.

2. కేసు పెట్టాం. కాగితంలో టఫ్నెల్‌ని "విధవ" అని రాశారు. ఆమె లాయరు లవ్‌డే గారు లేచి, "నా కక్షిదారు భర్త నిక్షేపంలా ఉన్నాడు మహాప్రభో" అన్నారు. కొట్టేశారు. మళ్ళీ పెట్టి "భార్య" అని రాస్తే, "అసలు పెళ్ళే కాలేదు" అన్నారు. అదీ కొట్టేశారు. ఒక్క ఏడాదిలో ఒకే ఆడది విధవా, ముత్తైదువా, కన్యా కూడా అయింది. ఆ ఇంట్లో పిల్లలకు మాత్రం ఊరంతా కలిసి ఒక్కటే పేరు పెట్టింది.

3. మూడోసారి టఫ్నెల్‌కు జబ్బు. మంచం దిగలేదని డాక్టరు ప్రమాణం చేశాడు. అదే మధ్యాహ్నం నేనూ నా జోడీ కీగన్ ఆమెను జనం టీ తాగుతూ షికారు చేసే తోటకు మోశాం. పిలిచినవాళ్ళని మోయనంటే మా లైసెన్సు పోతుంది మరి.

"ఒరే ఇవాన్, చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇంత బరువేంట్రా?" అన్నాడు కీగన్.

"జబ్బంతా ఒంటికి పట్టిందిలే మావా" అన్నాను.

ఈ మాట తమ గుమస్తాకు చెప్పాను. "ఆయన డాక్టరు. నువ్వు పల్లకీ మోసేవాడివి" అన్నాడు. నిజమే. ఆయన ఆమె నాడి పట్టుకున్నాడు. నేను మొత్తం మనిషినే మోశాను.

4. చివరికి విచారణ జరిగింది. అప్పుడు తమరే న్యాయపీఠం మీద ఉన్నారు, అయినా గుర్తు చేస్తాను.

"ఏం పిల్లా, ఈవిడ పేరేంటి?" అని టఫ్నెల్‌ను చూపించి నెస్టాను అడిగారు లవ్‌డే.

"అమ్మ."

"ఎవరి అమ్మ?"

"అందరం అమ్మ అనే పిలవాలయ్యా. లేకపోతే తిండి పెట్టదు."

"అబ్బో! కన్నతల్లిని కోర్టుకీడ్చిన కూతురివన్నమాట! మార్జరీ అన్న పేరు ఎప్పుడైనా విన్నావా?"

"లేదయ్యా."

"చిత్తగించారా ప్రభువులు? ఈ పిల్లకు మార్జరీ టఫ్నెల్ ఎవరో తెలియనే తెలియదు."

కోర్టంతా నవ్వింది. తమరూ నవ్వారు. నేను చూశాను. నవ్వు ఆగాక కేసు వచ్చే సెషన్స్‌కు, అంటే ఇంకో మూడు నెలలకు, వాయిదా వేశారు.

మా అమ్మను మా ఊళ్ళోనే పూడ్చిపెట్టి వచ్చాం. ఇంటికి నడుస్తూ నెస్టా అడిగింది: "అన్నా, మన అమ్మని ఇంక ఏమని తలుచుకోను?" దీనికి ఏ చట్టంలో జవాబుందో తమరు సెలవియ్యాలి.

5. ఇప్పుడు నెస్టా దగ్గితే రక్తం పడుతోంది. ఆమె తప్ప వేరే సాక్షి లేదు. ఈ సంగతి లవ్‌డే గారికి మాకంటే బాగా తెలుసు. ఆయన నౌకరు మా గుమ్మంలోకి వస్తూనే ఉన్నాడు. "పిల్లకెలా ఉందో కనుక్కోమన్నారు" అంటాడు. "ఎందుకు?" అంటే, "ఊరికే. తొందరేం లేదన్నారు" అంటాడు.

తొందర మాకుంది అయ్యా. వచ్చే సెషన్స్‌కు టఫ్నెల్ ఉంటుంది, లవ్‌డే ఉంటాడు, తమరూ ఉంటారు.

కావున తమరు ఈ వారంలోనే మా గదికి దయచేసి, టఫ్నెల్‌ను ఎదుట నిలబెట్టి, నెస్టా చెప్పింది రాసుకోవలెను. పేరు తెలియకపోతేనేం, వేలెత్తి చూపిస్తుంది. వేలికి విధవా, కన్యా తేడాలు అక్కర్లేదు.

చిత్తం లేకపోయినా చిత్తగించవలెను.

ఇంతవరకూ తమ విధేయుడు,
ఇవాన్ ప్రోసర్

తా.క. ఇది నెస్టాకు చదివి వినిపించాను.

"ఆయన రాడన్నా" అంది.

"ఎందుకు రాడు?"

"నవ్వాడుగా."

అందుకని సోమవారం మేమే వస్తున్నాం. పల్లకీ ముందు కొమ్ము కీగన్‌ది, వెనక కొమ్ము నాది. పల్లకీ తమ గుమ్మానికి అడ్డంగా దించుతాం. ఆమె మాట తమ గుమస్తా రాసుకునేదాకా ఎత్తం. లైసెన్సు పోతే పోనీయండి. టఫ్నెల్‌ని మోసిన భుజాలివి. నెస్టాలో ఇప్పుడు బరువే లేదు.