నేరేడు గింజల రసం

బాన్సువాడ, జూన్ 1978, ఆదివారం

అక్క మొగుడు, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మా బావ, నేరేడు గింజల రసం తాగించి ఎలుకలకు షుగర్ తగ్గించాడట. ఆ గర్వంతోనే అమ్మ చేత షుగర్ మాత్రలు మాన్పించి అదే రసం తాగించాడు. ఈరోజు అమ్మ వంటింట్లో పడిపోయింది. దవాఖానలో మంచం పక్కన నిలబడి కూడా ఆయనకు ఎలుకల గొప్పే.

"ఆ రసం తాగి చచ్చిన ఎలుకల సంగతేంది బావా?" అన్నాను.

"గవి బలహీనంగుండె. లెక్కలకు తీస్కోలే."

"మరి అమ్మ?"

కళ్లజోడు తుడుచుకున్నాడు. ఛీ, ఇంత చదువూ ఇందుకేనా!

అంతలో అమ్మ కళ్లు తెరిచి, "నా పెయ్యికే ఆ రసం పడలే అల్లుడా, నువ్వేం ఫికర్ చెయ్యకు" అంది.

ఆయన తల ఊపాడు. నిజంగానే ఊపాడు, అమ్మ తప్పును మన్నించినట్టు.