ఇంజిన్ ఆపి విన్న పాటలు

అమ్మాయ్,

మెకానిక్‌ని పిలిపించి కారుకి కొత్త బ్యాటరీ వేయించాను. వారంటీ ఉంది కాబట్టి ఊరికే మార్చాడు. కార్డు బీరువాలో పెట్టాను. వారానికోసారైనా కాస్త దూరం నడపాలట, లేకపోతే చార్జింగ్ దిగిపోతుందట.

ఇంజిన్ ఆపేసి రోజూ పాటలు వింటే ఏ బ్యాటరీ ఆగుతుందని నన్ను పట్టుకుని చీవాట్లు పెట్టాడు. నాకు డ్రైవింగే రాదు. అబ్బాయేమో ఓడ మీదున్నాడు. ఆఫీసు నుంచి వచ్చి కింద కారులోనే కూర్చుంటున్నావని అప్పుడు తెలిసింది. నాతో ఒక్క మాట అంటే సరిపోయేదిగా.

పైకి వచ్చి ఇంట్లోనే పాటలు పెట్టుకో. నువ్వొచ్చే వేళకి నేను పార్కుకి వెళ్ళిపోతాను.

మావయ్య

వాన పడితే మాత్రం ఇంట్లోనే ఉంటాను. నా గది తలుపేసుకుంటాలే. సౌండు తగ్గించకు, నాకూ వినబడాలి.