ఆముదం పూసిన బ్రేకులు

బావా, బాగున్నావా? అలా అడగకూడదేమో... నువ్వు వెళ్ళి నిన్నటికి ఏడు నెలలు.

ఓనరుగారు నీ బస్సు నాకే ఇచ్చారు. బందరు నుంచి గుడివాడ, అదే మొదటి ట్రిప్పు. నీ సీట్లో కూర్చుంటే ఇప్పటికీ కాళ్ళు అందనట్టే ఉంటుంది. నవ్వకు.

పోయిన నెల బ్రేకులు అరిగిపోయాయి. చక్రాన్ని ఒరుసుకుని ఆపే లైనింగు పట్టీలు కొత్తవి వేయించి, ఆ ఇనుప బ్రేకు షూలు షెడ్డు నుంచి తెచ్చి, పొద్దున్నే బిగిద్దామని ఇంటి అరుగు మీద పెట్టాను. నీ మాటలన్నీ గుర్తు చేసుకున్నాను. "కొత్త లైనింగంటే కొత్త అల్లుడురా. మొదటిరోజే గట్టిగా పని చెప్పకు. కాస్త తొక్కు, వదిలెయ్, చల్లారనీ. వేడి మీద కాలు అదిమిపెట్టి కూర్చున్నావో, నున్నబడిపోయి జన్మలో పట్టదు."

తెల్లారాక షూలు బిగించి, ఖాళీ బస్సుతో గుడ్లవల్లేరు వైపు బయల్దేరాను. కాలవగట్టు మీద మంచు. రోడ్డంతా బాతుల మంద, వెనక కర్రతో ఒక ముసలాయన. బ్రేకు తొక్కాను... కాలు కిందికి వెళ్ళింది గానీ బస్సు ఆగలేదు బావా. గేరు దించి, హ్యాండుబ్రేకు లాగితే ముందు చక్రం గట్టు అంచున ఆగింది. ఆయన బాతుల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

చక్రం విప్పితే ఆముదం వాసన.

నీ భార్యామణి, మా అక్క పని. సముద్రం పక్కన పుట్టినవాళ్ళం, కత్తిపీట నుంచి లంగరు దాకా ఇనుము కనిపిస్తే ఆముదం పూయందే చేతులు ఊరుకోవు కదా, ఉప్పుగాలికి తుప్పు పడుతుందని. నీ బండి సామాను అరుగు మీద చూసి, తన చేత్తో ఏదో ఒకటి చేయాలనిపించిందట. లైనింగుతో సహా శుభ్రంగా పట్టించింది. నూనె తగిలితే బ్రేకు పట్టదని తనకేం తెలుసు? నువ్వెప్పుడైనా చెప్పావా?

నేను కోప్పడలేదు, ఒట్టు. అయినా అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. దేవుడు మొగుణ్ణి తీసుకుపోయాడు, తమ్ముణ్ణి నేనే పంపేసేదాన్నని ఒకటే గొణుగుడు. నీ పేరెత్తడం కూడా మానేసింది. ఇలాగే ఉంటే అక్క కూడా నాకు దక్కదేమోనని భయం వేసింది.

బ్రేకు డ్రమ్ములు పెట్రోలుతో కడిగి, మళ్ళీ కొత్త లైనింగులు వేయించాను. బస్సు ఆగుతుందని కళ్ళారా చూస్తేగానీ నమ్మదని, ఈసారి అక్కని బతిమాలి ఎక్కించుకున్నాను. నా వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది.

చిలకలపూడి దాటాక మొదలుపెట్టాను. మెల్లగా తొక్కడం, ఒక తూము దగ్గర ఆగడం, మళ్ళీ కదలడం, కాసేపు చల్లారనివ్వడం... అటూ ఇటూ నీళ్ళు నిండిన చేలు. ఆకాశం కూడా చేలల్లోనే ఉంది. నడుపుతున్నానో, కల కంటున్నానో...

అద్దంలో చూశాను. ఆగిన ప్రతిసారీ అక్క కిటికీ వైపు కొంచెం జరుగుతోంది. ఎక్కేవాళ్ళెవరూ లేరు. అయినా పక్కన చోటు కొంగుతో తుడుస్తోంది. బస్సు కదిలాక అటు తిరిగి నెమ్మదిగా ఏదో చెబుతోంది. ఏం చెప్పింది బావా?

గుడ్లవల్లేరు దాటేసరికి బ్రేకులు చక్కగా పట్టాయి. ఇక ఆపక్కర్లేదు. అయినా గుడివాడ వచ్చేదాకా ప్రతి తూము దగ్గరా ఆపాను.

అక్క ఎక్కినప్పుడల్లా ఆపుతూనే ఉంటాను.

నీ బావమరిది