ఆ పటంలో పొద్దు వాలలేదు

వదినగారూ,

అక్కడ మీ కాళ్ళనొప్పులు తగ్గాయా? మీకంటే ముందే వెళ్ళిన అన్నయ్యగారు కులాసానా? మొన్ననే మీ సంవత్సరీకం పెట్టాం. ఇక్కడ ఎడ్మంటన్‌లో మీ అబ్బాయీ, మా అమ్మాయీ బాగున్నారు. మనవరాలికి దగ్గు తగ్గింది. నాకే, ఎప్పటిలాగే, ఏదో ఒక బెంగ.

మనిద్దరం ఆరేసి నెలలు వంతులేసుకుని ఉన్న గదిలో పటం ఉంది కదా, పక్కింటి ఇంగ్రిడ్‌గారు వృద్ధుల హోమ్‌కి వెళ్తూ దాచమని ఇచ్చిన డెన్మార్క్ నూనెరంగుల బొమ్మ. చెరువు, పడవ, గట్టు మీద ఒక ఆడమనిషి. చీకటి పడుతోంది, ఆమె మగడింకా రాలేదని నేను. "తెల్లారుతోందండీ, ఆవిడ నీళ్ళకొచ్చింది. బొమ్మలో వాళ్ళ కోసం కూడా కంగారేనా?" అని మీరు. ఫోన్లో ఎన్నిసార్లు వాదించుకున్నామో.

పోయిన శుక్రవారం దేవుడి పటాలతోపాటు దాన్నీ తడిగుడ్డతో తుడిచాను. గుడ్డంతా గోధుమరంగైంది. పరాయి సొత్తు పాడుచేశానని అన్నం సయించలేదు. "టెన్షన్ పడకండి అత్తయ్యా, క్లీన్ చేసేవాళ్ళకి చూపిస్తా" అని మీ అబ్బాయి పట్టుకెళ్ళాడు. రంగేమీ పోలేదట. ఇంగ్రిడ్‌గారింటి పొయ్యి పొగ ఏళ్ళ తరబడి పట్టేసిందట.

నిన్న శుభ్రం చేయించి తెచ్చాడు. ఆకాశం తెల్లగా ఉంది, వదినగారూ. గడ్డి మీద మంచు. పడవ గట్టుకే కట్టేసి ఉంది. ఆమె చేతిలో ఖాళీ బకెట్టు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. మీరే గెలిచారు. నాకు హాయిగా నిద్రపట్టింది.

"ఇంగ్రిడ్ విల్ క్రై, అమ్మమ్మా" అంది మనవరాలు. సంతోషంతోనేగా, ఏడవనీ. వచ్చే శనివారం పదకొండింటికి పటం తీసుకుని అందరం ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం.