చెయ్యి వణికిన మధ్యాహ్నం

బావా,

ఎలా ఉన్నావని రాయబోయి ఆగాను. మొన్నటి వానలకి నువ్వు గుండెపోటుతో పోయి ఏడాది. అక్క ఇప్పుడు మాతోనే ఉంటోంది. పోర్టులో నీ క్రేన్ నేనే నడుపుతున్నాను. స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక ఓడలూ పెరిగాయి, తొందరా పెరిగింది.

ఈ ఏడాదంతా నాకు కడుపులో మంట. పొద్దున లేస్తే దవడలు నొప్పి. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని మా ఆవిడ పార్వతి అంటే కసురుకున్నాను. నేను గుమ్మంలో అడుగు పెడితే మా పాప ఆట ఆపేసేది. అయినా నాకు తెలియలేదు... కడుపే అనుకుని సోడాలు తాగుతూ వచ్చాను.

క్రేన్ నేర్పేటప్పుడు నువ్వన్న మాటే పట్టుకున్నాను. “మీద కూకున్నోడు ఇంకేటీ ఆలోసించకూడదురా. కింద మనుసులున్నారు, అదొక్కటే సూడు.” నిన్ను కూడా తలుచుకోకుండా ఉండాలని ఎంత చూశానో...

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇనుప కడ్డీల కట్ట ఎత్తాను. ఓడ కదలాలని మేస్త్రీ తరుముతున్నాడు. కట్ట గాల్లో ఉండగా చెయ్యి వణికింది. ఏ లివరు ఎత్తుతుందో, ఏది దించుతుందో గుర్తు రాలేదు బావా. కింద సరుకు పట్టే కళాసీలు తలెత్తి నాకేసే చూస్తున్నారు.

లివరు వదిలేస్తే కట్ట గాల్లో అలాగే ఆగింది. హారన్ కొట్టాను. వాళ్ళంతా పక్కకి తప్పుకున్నాక, ఏ లివరు ఏదో గుర్తొచ్చేదాకా ఆగి, మెల్లగా దించాను. దిగొచ్చి, ఈ రోజు ఇంక ఎక్కనని చెప్పేశాను. మేస్త్రీ కేకలేశాడు. కళాసీల్లో ఒక పెద్దాయన మాత్రం నన్ను షెడ్డు నీడలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. ఆఖరి రోజుల్లో నువ్వూ డ్యూటీ దిగి అక్కడే కూర్చుని ఎడమ చెయ్యి పిసుక్కునేవాడివని చెప్పాడు.

మాకెప్పుడూ చెప్పలేదే... అక్క అడిగితే “నాకేటీ నేదే” అనేవాడివట. నిజంగా ఏమీ లేదనుకున్నావా? చెబితే మేం బెంగపడతామనా?

డాక్టరు గుండె చూశాడు, కడుపు చూశాడు. జబ్బేమీ లేదు, లోపల అణచుకున్నదంతా ఒంటి మీదికి వస్తోందన్నాడు. ఎప్పటినుంచని అడిగితే నీ పేరు చెప్పి ఏడ్చేశాను. నువ్వు పోయాక అదే మొదటిసారి.

కొన్నాళ్ళు కింద పని అడిగి తీసుకున్నాను. సాయంత్రాలు నడిచే ఇంటికొస్తున్నాను. అన్నాలయ్యాక ముగ్గురం నీ గురించి మాట్లాడుకుంటాం. అక్క నిన్ను తిడుతుంది కూడా. తిట్టి, మళ్ళీ నీ కబుర్లే చెబుతుంది. పాప అవి వింటూ నా ఒళ్ళో నిద్రపోతుంది.

సోమవారం మళ్ళీ క్రేన్ ఎక్కుతున్నాను. భయం పోయిందని అనను. చెయ్యి వణికితే దిగిపోతాను. ఇంటికొచ్చి పార్వతికీ అక్కకీ చెబుతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నీలా ఉండను బావా.

నీ బామ్మర్ది,
అప్పారావు